నలభై ఎనిమిది దినాల పొడి

నాటుమందుల అంగడిలో కూర్చున్నవాడికి రెండు రకాల మనుషులే కనిపిస్తారు. ఏం కావాలో తెలిసి వచ్చేవాళ్ళు ఒక రకం, ఫోను చూపించి అడిగేవాళ్ళు ఇంకో రకం. పురుషోత్తమన్ మొదటి రకానికి కొసరు వేసేవాడు. రెండో రకం వస్తే తక్కెడ ముట్టుకోకముందే ఒక చురక వేసేవాడు.

పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు వెనక వీధిలో ఆ అంగడి మూడు తరాలుగా ఉంది. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, అతిమధురం, నేలవేము, నేరేడు గింజలు, ఎండు తంగేడు పువ్వు, అన్నీ నోళ్ళు మడిచిన గోనెసంచుల్లో వరసగా నిలబడి ఉంటాయి. కొత్తవాడు లోపలికి వస్తే ముందు తుమ్ముతాడు, తర్వాత అడుగుతాడు. ఆ ఇంటివాళ్ళకు ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. తెలుగు మాట్లాడటమే గాని తెలుగు అక్షరం ముఖం చూసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. లెక్కలు కూడా అరవంలోనే.

పురుషోత్తమన్ తండ్రి ఒక పద్ధతి పెట్టిపోయాడు. రోగానికి సరుకు అడిగినవాణ్ణి మూడు ప్రశ్నలు అడగాలి. రోగం ఎవరికి? ఎన్నాళ్ళుగా? డాక్టరు ఏమిచ్చాడు? డాక్టరు మందు ఆపేశామని ఎవరైనా అంటే, ఆ రోజుకు వాళ్ళకు ఆ అంగడిలో శొంఠికొమ్ము కూడా అమ్మకూడదు. ఈ పద్ధతి వల్ల పోగొట్టుకున్న బేరాలు తక్కువేం కావు. అయినా పురుషోత్తమన్ దాన్ని వదల్లేదు. ధర్మం కోసం అనుకుంటే పొరపాటు. రోగి పోతే బేరం పోతుంది, చెడ్డపేరు మాత్రం అంగడిలోనే ఉండిపోతుందని అతని లెక్క.

ఆరు నెలలుగా ఫోను రకం ఎక్కువైంది. అందరి ఫోనుల్లోనూ ఒకటే ముఖం. మూలికల సిద్ధుడు అళగేశన్. కాషాయం చొక్కా, నడుము దాకా రుద్రాక్షలు, వెనక గోడ మీద అడవి బొమ్మ. ఐదేళ్ళ క్రితం ఇదే అళగేశన్ బీచి రోడ్డు పక్కన గొడుగు కింద ఫోను కవర్లు అమ్మడం పురుషోత్తమన్ కళ్ళారా చూశాడు. అతనికి గడ్డం పెరగడానికి ఎంతకాలం పట్టిందో వైద్యం రావడానికీ అంతకాలమే పట్టింది.

అతని పేరు మోసిన విద్య ఒకటుంది. చక్కెర రోగిని పిలిచి పొడపత్రి ఆకు నమిలిస్తాడు. తర్వాత నోట్లో చెంచాడు పంచదార పోస్తాడు. రోగి కళ్ళు పెద్దవి చేసి, ఇసక నమిలినట్టుంది, తీపే లేదంటాడు. "చూశారా! ఒక్క ఆకుకే చక్కెర చచ్చింది. నా పొడిలో ఇట్లాంటివి పద్దెనిమిది. నలభై ఎనిమిది దినాలు, ఒక మండలం. సూదులు చెత్తబుట్టలో పారేయండి!" అంటాడు అళగేశన్.

పొడపత్రి నమిలితే అరగంట నాలుకకు తీపి తెలియదు. చిన్నప్పుడు పురుషోత్తమన్, అతని అక్క పట్టమ్మాళ్ అంగడి అరుగు మీద కూర్చుని ఆ ఆకు నమిలి, బెల్లం తిని, ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళు. చచ్చేది నాలుక మీది రుచి. నెత్తుట్లో చక్కెరకు ఆ సంగతే తెలియదు. కళ్ళు మూసుకుని సూర్యుణ్ణి ఆర్పేశానన్నవాడికి మూడు లక్షలమంది చప్పట్లు కొడుతుంటే, వాళ్ళకు ఏ దినుసు పొడి చేసి పెట్టాలో పురుషోత్తమన్‌కు తెలియలేదు.

ఆ రోజు పదిగంటలకు వైతికుప్పంలో ఇడ్లీ అంగడి నడిపే శివగామి వచ్చింది. మొగుడికి చక్కెర పొడి కావాలని అరవంలో అడిగింది. పురుషోత్తమన్ మూడు ప్రశ్నలూ అడిగాడు. మాత్రలు ఇంకా ఆపలేదనీ, ఈ అమ్మ చెప్పింది విన్నాక ఆపుదామనుకుంటున్నామనీ ఆమె ఫోను ముందుకు చాచింది.

అతను కళ్ళద్దాలు సర్దుకున్నాడు. తెర మీద అళగేశన్ పక్కన కుర్చీలో, కొత్త చీర కట్టి, నిండా పూలు పెట్టుకుని పట్టమ్మాళ్ కూర్చుని ఉంది. "పన్నెండేండ్లు సూది పొడుచుకున్నాను. ఇప్పుడు పదిహేను దినాలుగా లేదు. ఒళ్ళు దూదిలా ఉంది," అంటోంది అరవంలో. చూసినవాళ్ళు లక్షా డెబ్బైవేలమంది.

"ఈమె పొట్లం దొరుకుతుందా?" అంది శివగామి.

"మొగుడు కావాలంటే మాత్రలు ఆపొద్దు. వద్దనుకుంటే, పొట్లం ఈ అంగడిలో దొరకదు," అని పురుషోత్తమన్ తక్కెడ పక్కకు పెట్టాడు. శివగామి గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. అతను షట్టరు సగానికి దించి, స్కూటరు తీసి, ఎండలో అక్క ఉండే విల్లియనూరు దారి పట్టాడు.

అక్క ఆరోగ్యం అతనికి తెలియనిది కాదు. నెలక్రితం ఎడమకాలి చిటికెనవేలి పక్కన చిన్న బొబ్బ లేచింది. డాక్టరు కట్టు కట్టి, ముకుందన్ ఎదుటనే చెప్పాడు: "ఈ ఒంటికి ఇది చిన్న పుండు కాదమ్మా. చక్కెర దిగకపోతే వేలితో ఆగదు. కాలు తీయాల్సి వస్తుంది." ముకుందన్ ఆమె కొడుకు, స్కూటర్ల షోరూములో ఉద్యోగం. ఆ మాట మామకు ఫోను చేసి చెప్పినవాడూ వాడే. కాలు తీసేస్తారన్న భయంలో నుంచే అళగేశన్‌కు బేరం దొరికిందని పురుషోత్తమన్‌కు ఆలస్యంగా తెలిసింది.

పట్టమ్మాళ్ వాకిలి గదిలో పీట మీద కాలు చాపుకుని కూర్చుంది. కాలికి పసుపు గుడ్డ. ఊదొత్తి వాసన కింద ఇంకో వాసన ఉంది. పచ్చిసరుకు తడిసి, మూట అడుగున కుళ్ళితే వచ్చే వాసన. పురుషోత్తమన్ ముక్కుకు అది తెలియనిది కాదు.

"ఏంది పురుషా, అంగడి మూసేసి ఎండలో వస్తివి?"

"సినిమాలో చూసినా నిన్ను. సంతకం తీసుకోని పోదామని."

ఆమె సిగ్గుపడి నవ్వింది. "చూసినావా! ఈ వీధిలో అందురూ చూసినారు. దేవళం కాడ పూలమ్మే ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది, తెలుసునా."

"కాలు చూపీ."

"ఏమీ లేదబ్బా. విషం పోతా ఉంది. లోపల దాగిన చక్కెరంతా కాలి దారిన దిగిపోతాదని సామి చెప్పినాడు."

"మిషను పెట్టి చూసినావా?"

"మండలం ముగిసేదాకా చూడకూడదంట. దాగింది బయటికి వచ్చేటప్పుడు మిషను ఎక్కువ చూపిస్తాదంట. మనసు చెదిరిపోతాది."

పురుషోత్తమన్‌కు అళగేశన్ మీద ఒక్క క్షణం వ్యాపారి గౌరవం కలిగింది. ఎంత పకడ్బందీ సరుకు! చక్కెర తగ్గితే మందు గొప్పతనం. పెరిగితే దాగింది బయటపడుతోంది. పుండు పడితే విషం పోతోంది. రేపు మనిషే పోతే, ఏం పోయిందని చెబుతాడో ఒక్కటే తెలియాల్సి ఉంది.

"ఎవురు కొనిచ్చినారు దీన్ని?" అన్నాడు.

గుమ్మంలో నిలబడిన ముకుందన్ పైకప్పు చూశాడు. "నేనే మామా, మొదటి పొట్లం. సుమ్మా చూద్దామని. ఇప్పుడు వద్దంటే వినదు. మొన్న సూది పెట్టబోతే నా చెయ్యి కొట్టింది."

"కొట్టక? నేమం నడస్తా ఉంటే మధ్యలో ఆపేదా?" అంది పట్టమ్మాళ్. ఎడమ మణికట్టుకు కట్టిన పసుపు దారం చూపించింది. "కోకిలాంబాళ్ ముందర టెంకాయ కొట్టి కట్టుకున్నా. నలభై ఎనిమిది దినాలు తప్పకుండా వేసుకుంటానని చెప్పినా అమ్మకి. ఈ దినానికి ఇరవై మూడు. ఇంక ఇరవై అయిదే."

అళగేశన్ తెలివి ఇక్కడ ఉంది. మందును మందుగా అమ్మితే నాలుగు రోజులు చూసి ఆపేస్తారు. దానికి దారం కట్టి, టెంకాయ కొట్టించి, నేమంగా అమ్మాడు. మందు ఆపితే పోయేది పొట్లం డబ్బులు. నేమం మధ్యలో వదిలితే అమ్మవారికి మాట తప్పినట్టు. విల్లియనూరులో కాపురముండే ఆడమనిషి కాలైనా ఇస్తుంది గాని ఆ పని చెయ్యదు.

దేవుడి గూట్లో పొట్లాలు వరసగా పేర్చి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పురుషోత్తమన్ ఒకటి అందుకున్నాడు. ఎర్రటి కవరు, మధ్యలో అళగేశన్ ఫొటో ఉన్న అరవం స్టిక్కరు. స్టిక్కరు చుట్టూ కవరు మీద అచ్చయిన తెలుగు అక్షరాలు.

"చూస్తివా, మన రాత!" అంది పట్టమ్మాళ్ మురిసిపోతూ. "నల్లమల అడవిలో, తాటాకుల్లో మన భాషలో రాసి ఉండెనంట. ఆ తాటాకు మాటే కవరు మీద వేసినాడు. నేను పొద్దున్నే కండ్లకద్దుకోని తింటా ఉండా. మన తాతల మాట కదా."

ఆ ఇంట్లో ఆ అక్షరాలు చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. ఉంటే అవి కళ్ళకద్దుకునే అక్షరాలు అయ్యేవి కావు. పురుషోత్తమన్ పొట్లం జేబులో వేసుకున్నాడు.

అంగడికొచ్చి పొట్లం చించి, పొడి అరచేతిలో పోసి రుద్దాడు, వాసన చూశాడు, నాలుక మీద వేసుకున్నాడు. చేదుకు వేపాకు, వాసనకు మెంతిపొట్టు, రంగుకు నేరేడుగింజ కొంచెం. మిగిలినదంతా తవుడు. నూటికి డెబ్బై పాళ్ళు తవుడు! కల్తీ చేసేవాడికి కూడా కొంత మర్యాద ఉంటుంది, అసలు సరుకు సగమైనా ఉంచుతాడు.

మర్నాడు పొద్దున సరుకు లారీ వచ్చింది. దాని డ్రైవరు ఓబులేసు కడప జిల్లా బద్వేలు మనిషి. తెలుగు చదివినవాడు. పురుషోత్తమన్ కవరు మీది స్టిక్కరు నీళ్ళతో తడిపి ఊడదీసి, "ఏమి రాసి ఉండాది చెప్పు," అని అతని చేతికిచ్చాడు.

ఓబులేసు కవరు అటూ ఇటూ తిప్పి, నవ్వు ఆపుకోలేక లారీ చక్రానికి చేయి ఆనించుకున్నాడు. "ఎవురు తింటాండారు సామీ దీన్ని?"

"నువ్వు చదువు ముందు."

చదివాడు. పురుషోత్తమన్ విని, రెండోసారి చదివించుకున్నాడు. లారీ దించే పని కూలీలకు వదిలి, ఓబులేసును స్కూటరు వెనక ఎక్కించుకుని నేరుగా విల్లియనూరు పోయాడు. ఇది తేలిపోయే లెక్క అనుకున్నాడు దారి పొడుగునా. రాసిన కాగితం ఉంది, చదివే మనిషి ఉన్నాడు. ఇంకేం కావాలి?

పట్టమ్మాళ్ ఆరోజు మంచం మీదే ఉంది. ఓబులేసు బడిపిల్లవాడిలా నిలబడి గట్టిగా చదివాడు: "పాడి పశువుల ఖనిజ మిశ్రమం. ఆవుకు, గేదెకు దినమునకు యాభై గ్రాములు దాణాలో కలిపి పెట్టవలెను. పాల దిగుబడి పెరుగును."

ముకుందన్ పక్కున నవ్వి, తల్లి ముఖం చూసి ఆపేశాడు.

"యాడనో మిగిలిపోయిన కవర్లు కిలోల లెక్కన కొనుక్కోని, పైన బొమ్మ అతికించినాడు," అన్నాడు పురుషోత్తమన్. "మన తాతల మాట ఇదే అక్కా. పాల దిగుబడి పెరుగును."

పట్టమ్మాళ్ ముఖం ఒక్కసారి ఎర్రబడింది. తర్వాత నెమ్మదిగా అంది: "మన నాయన అంగడిలో పిప్పళ్ళు బిస్కత్తు డబ్బాలో పెట్టి ఉండె, గ్యాపకం ఉండాదా?"

"దానికేం?"

"పిప్పళ్ళు బిస్కత్తులు అయిపోయినాయా? కవరు ఏదైతే ఏంది? లోపల ఉండేది కదా మందు."

ఓబులేసు పురుషోత్తమన్ వైపు చూశాడు. పురుషోత్తమన్ తవుడు సంగతి చెప్పాడు. తవుడు కూడా ఒంటికి మంచిదే, డాక్టర్లే చెబుతున్నారందామె. ఇంకేమన్నా అంటే దానికీ ఒక జవాబు ఉంటుందని అతనికి అర్థమైంది. కొనేవాడు కొనడానికి నిశ్చయించుకుని వస్తే పురుగు చూపించినా అది సరుకు తాజాతనానికి గుర్తంటాడు. పురుషోత్తమన్‌కు అక్క మీద జాలి రావాల్సిన చోట అసహ్యం వచ్చింది. మందులంగడిలో పుట్టిన మనిషి!

వచ్చే దారిలో ఓబులేసు వెనక నుంచి అన్నాడు: "మా ఊర్లో ఆవు కూడా వాసన చూసి తింటాది సామీ."

ఆ సాయంత్రం పురుషోత్తమన్ అళగేశన్ ఇంటికే వెళ్ళాడు. పిళ్ళైచావడిలో సముద్రం వైపు అద్దె ఇల్లు. ముందు గదిలో దీపాలు, కెమెరా, గోడకు అడవి బొమ్మ. వెనక గదిలో ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద పొడి కుప్ప ముందు కూర్చుని గరిటెలతో కవర్లు నింపుతున్నారు. అళగేశన్ లేచి దండం పెట్టాడు. మాట అరవంలో సాగింది.

"మీరే వస్తారనుకున్నానయ్యా. మూడు తరాల అంగడి. మీలాంటివాళ్ళు నా పొట్లం పెడితే దాని దారే వేరు. నూటికి నలభై మీకు."

"నా అక్క కాలు కుళ్ళుతోంది. నీ వీడియోలో మాట్లాడిన పట్టమ్మాళ్. నువ్వు ఒక్క ఫోను చెయ్యి. మండలం చాలించి ఆస్పత్రికి పొమ్మని చెప్పు. నీ మాట వింటుంది."

అళగేశన్ గడ్డం నిమురుకున్నాడు. "ఆమెను చూసి ఎంతమంది తింటున్నారో తెలుసునా అయ్యా? మధ్యలో పొమ్మంటే వాళ్ళ నమ్మకం ఏం కావాలి? నమ్మకమే కదా మందు. నలభై ఎనిమిది పూర్తి కానివ్వండి."

"కాలు పోతే?"

"పథ్యం తప్పి ఉంటారు. మజ్జిగలో ఉప్పు వేసుకున్నారేమో అడగండి. వేసుకోకూడదు."

పురుషోత్తమన్ అతన్ని తలనుంచి కాలిదాకా చూశాడు, కొనడానికి వచ్చి వద్దనుకున్న సరుకును చూసినట్టు. "ఫోను కవర్లు అమ్మినప్పుడు నువ్వు ఇంతకంటే నిజాయతీపరుడివి. అవి ఫోనుకు సరిపోయేవి," అన్నాడు. "పోలీసులకు రాసిస్తా."

"రాయండి. నాది మందు కాదయ్యా, ఆహారం. కవరు మీద మందని యాడా లేదు, చూసుకోండి," అన్నాడు అళగేశన్ నవ్వుతూ. అది నిజమే. కవరు మీద ఉన్నది ఆవు దాణా అని.

పురుషోత్తమన్ రాసిచ్చాడు కూడా. స్టేషనులో రసీదు ఇచ్చారు. రసీదుతో పుండు మానదు.

ఇరవై ఏడో దినం పొద్దున, అంగడి తాళం తీస్తుండగా ముకుందన్ ఫోను చేశాడు. "మామా, రెండు వేళ్ళు నల్లగా అయిపోయినాయి. ఒళ్ళు కాలిపోతా ఉంది. ఎత్తుకోని పోదామంటే మంచం పట్టుకోని అరస్తా ఉంది. ఇంక ఇరవై ఒకటే, ఇరవై ఒకటే అంటా ఉంది."

"వస్తా ఉండా," అని పురుషోత్తమన్ అరుగు మీద కూర్చున్నాడు. నిజం చెప్పాడు, చదివించి చూపించాడు. మంచి సరుకే గాని ఆ ఇంట్లో చెల్లుబడి కాలేదు. చెల్లే సరుకు ఏమిటి?

నేమం మనిషి ఆపితే పాపం. దానంతట అదే తెగితే పాపం లేదు, సిగ్గూ లేదు. దాయాది చస్తే మైల. మైల వచ్చిన ఇంట్లో దీపం పెట్టరు, టెంకాయ కొట్టరు, కట్టిన దారం విప్పేస్తారు. శబరిమలకు మాల వేసుకున్నవాడు కూడా అంతే చేస్తాడు. ఎవరూ ఏమీ అనరు. అమ్మవారు కూడా అనదు.

అయితే ఆ చావు పట్టమ్మాళ్ మొగుడి వైపు చావు కావాలి. పుట్టింటి చావుకు మూడు దినాలే. బావ ఎప్పుడో పోయాడు. బావ పెదనాన్న కొడుకు చెంగల్రాయన్ ఒకడు గుడియాత్తంలో ఉండాలి. ముసలాడు, ఈ వైపు వచ్చి ఏళ్ళయింది, ఎవరికీ పనికొచ్చే మనిషి కాడు. అబద్ధం ఆడేవాళ్ళను జీవితమంతా ఈసడించుకున్న మనిషి, తన మొదటి అబద్ధానికి దినుసు ఎంచినంత జాగ్రత్తగా మనిషిని ఎంచుకున్నాడు. ఇష్టంగా కాదు. అళగేశన్ అమ్మేదీ ఇట్లాంటి సరుకే అని తెలుసు.

గుమ్మంలో చెప్పులు విప్పకుండానే అన్నాడు: "అక్కా, గుడియాత్తం చెంగల్రాయన్ పోయినాడంట."

పట్టమ్మాళ్ మంచం మీద నుంచి తల తిప్పింది. కళ్ళు జ్వరానికి మెరుస్తున్నాయి. "ఎప్పుడు?"

"తెల్లారేటప్పుడు. కొడుకు ఫోను చేసినాడు."

"ఎవురికి? నీకా?"

"ఊ. నీ నంబరు లేదంట."

ఆమె అతన్ని చూస్తూ ఉండిపోయింది. పురుషోత్తమన్ చూపు తిప్పుకోలేదు. బేరంలో ముందు చూపు తిప్పినవాడు ఓడిపోతాడు.

"మామా, ఏంది నువ్వు, చెంగల్రాయన్ పెదనాయన..." అని ముకుందన్ మొదలుపెట్టాడు.

"నువ్వు నోరు మూసుకోని ఆటో పిల్చుకోని రా పో!" అని కసిరింది పట్టమ్మాళ్. వాడు ఇద్దరి ముఖాలూ చూసి బయటికి నడిచాడు.

ఆమె లేచి కూర్చుంది. మణికట్టు మీది పసుపు దారం పళ్ళతో తెంపి కిటికీ గూట్లో పెట్టింది. చెంబుతో నీళ్ళడిగి, తల మీద పోసుకుని, తడి చీరతోనే గోడ పట్టుకుని గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చింది. వీధి వైపు ముఖం పెట్టి గొంతెత్తి ఏడ్చింది. "అయ్యో, మా పంగాళి, మా దాయాది పోయినాడే! నా మండలం తెగిపాయె కదే! ఇరవై ఏడు దినాలు కట్టుకున్నది తీట్టుతో, మైలతో పాయె కదే!" ఎదురింటివాళ్ళు వచ్చారు, పక్కింటివాళ్ళు వచ్చారు. మైల ఇల్లు కనుక గడప దాటకుండా నిలబడి, ఏం చేస్తావమ్మా, నీ చేతిలో ఉందా, అని ఓదార్చారు.

"చావుకు పోవాల కదా," అన్నారు ఎవరో.

"ఈ కాలుతో యాడికి పోయేది? ముందు ఆస్పత్రికి పోతా," అంది, ఏడుపు మధ్యలో చాలా స్పష్టంగా. ఆటో వచ్చింది.

పెద్దాస్పత్రిలో చక్కెర చూస్తే అయిదువందలకు దగ్గర. ఆ రోజే సూదులు మొదలుపెట్టారు, మర్నాడు రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదనీ, ఇప్పుడు పాదం నిలుస్తుందనీ చెప్పాడు డాక్టరు. అది ఎవరి లెక్కలో చూసినా లాభమే.

నాలుగో రోజు మధ్యాహ్నం పురుషోత్తమన్ మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జ్వరం దిగింది. పట్టమ్మాళ్ కట్టు కట్టిన కాలిని కాసేపు చూసుకుని, పక్క మంచాలవాళ్ళకు వినిపించకుండా అంది:

"పురుషా, చెంగల్రాయన్ బావ పోయి ఆరేండ్లు."

అతను స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"నేనూ ముకుందనూ పదో దినానికి గుడియాత్తం పోయొచ్చినాము. నీకూ చెప్పినా ఫోనులో. నువ్వు విరుదునగర్‌లో మిరియాల బేరంలో ఉంటివి. 'సరి సరి' అని పెట్టేస్తివి. నీకు మూట ఎంత బరువో గ్యాపకం ఉంటాది గాని, మనిసి ఉండాడో పోయినాడో యాడ ఉంటాది?"

"తెలిసీ ఏడిస్తివా?"

"ఇంకేం చేసేది? నువ్వు తెచ్చింది ఒక చావు, అదీ పాతది. దాంతోనే సర్దుకున్నా."

"ఆ పొడి..."

"తవుడని పదో దినమే తెలుసు నాకు. నేను మాత్రం మందులంగడి బిడ్డని కాదా?"

పురుషోత్తమన్ స్టూలు మీద నుంచి లేచాడు. "తెలిసీ పోయి వీడియోలో కూర్చుంటివా? పూలు పెట్టుకోని? నిన్ను చూసి ఎందురు మాత్రలు ఆపినారో తెలుసునా?"

"అప్పుటికే వీధంతా చెప్పేసినా. సామి వచ్చి కూర్చోమన్నాడు, చీర ఇచ్చినాడు. కూర్చున్నాక దిగేది యాడ?" అంది. గొంతులో పశ్చాత్తాపం వెతికితే పురుషోత్తమన్‌కు దొరికింది చాలా తక్కువ. "ఇరవై మూడో దినమే నువ్వు ఒక చావు చెప్పి ఉంటే రెండు వేళ్ళూ ఉండేవి. నువ్వేమో లారీ వాణ్ణి తెచ్చి, కొడుకు ఎదుట ఆవుదాణా అని చదివిస్తివి. ఇంక నేను ఎట్లా దిగేది?"

ఇన్నాళ్ళూ అతను మూర్ఖులను ఒక సంచిలో, మోసగాళ్ళను ఒక సంచిలో వేసి పెట్టుకున్నాడు. అక్కను ఏ సంచిలో వెయ్యాలో తెలియలేదు. అబద్ధమాడిన తను ఏ సంచిలోకి వస్తాడో చూసుకోవాలనీ అనిపించలేదు.

"ఫోను తీస్తా. ఆ పొడి తవుడని నీ నోటితో చెప్పు," అన్నాడు.

"ఇప్పుడు కాదు. జుట్టు చూడు ఎట్లా ఉందో," అంది. తల తడుముకుని, "రేపు నందితను రమ్మను, జడ వేసేదానికి. అప్పుడు చెప్తా. కాలు మాత్రం చూపించను," అంది. నందిత ముకుందన్ పెళ్ళాం.

"కాలే చూపించాల."

"చూద్దాం పో."

నర్సు సూది తెచ్చింది. పట్టమ్మాళ్ చెయ్యి చాపి, ముఖం చిట్లించకుండా పొడిపించుకుని, నర్సు వెళ్ళేదాకా ఆగి మళ్ళీ అంది:

"ఇంకొక సంగతి. వీధిలో అందురూ అడగతా ఉండారంట, పదో దినం ఎప్పుడని. ఆ మొదటి సారి గుడియాత్తం వాళ్ళే చేసుకున్నారు. ఈసారి చంపింది నువ్వు కదా. అన్నం నువ్వే పెట్టాల."

"చచ్చినోనికి రెండుసార్లు పదోదినమా?"

"పెట్టకపోతే చావు అబద్ధమనుకుంటారు. చావు అబద్ధమైతే నేను అమ్మకి మాట తప్పినట్టు. నీ ఇష్టం."

వీధిలో పదమూడు ఇళ్ళు. దేవళం దగ్గర పూలమ్మే ఆమెను కూడా పిలవాలి, పిలవకపోతే ఆమె ఊరుకునే రకం కాదు. ఒక్కో ఇంటికి నలుగురు చొప్పున వేసుకుని, వడలకు మినపప్పు ఎంత నానబెట్టాలో పురుషోత్తమన్ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.